ముక్క తియ్యకుండ బీమారీకి పేరు పెట్టొద్దు

మా ఖాందాన్ల ఎవరికి దవఖానా రిపోర్టు వచ్చినా ముందుగాల నా వాట్సాప్‌కే వస్తది. డాక్టర్‌ను కాను, కంపౌండర్‌ను గూడ కాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీల తెలుగు సాహిత్యం, బతుకుదెరువు పత్రికల. ఇంగ్లీషు వార్తలు తెలుగు చేసే డెస్కు మీద ఏండ్ల తరబడి కూసున్నోణ్ణి కాబట్టి "జర తర్జుమా చెయ్ బేటా" అని ఫోటో కొట్టి పంపుతరు. షుగర్, థైరాయిడ్ రిపోర్టులైతే రెండు నిమిషాలల్ల చెప్పేస్త. కొన్నిటికి మాత్రం చెప్పే ముందు ఇంట్లకెల్లి బయటికొచ్చి, చెట్టు కింద నిలబడి ఫోన్ చెయ్యాల్సి వస్తది.

గత కొన్నేండ్లల్ల అసోంటివి మూడు వచ్చినయ్. జనగామ నుంచి ఖాలాది, మానుకోట నుంచి మామూది, భూపాలపల్లి నుంచి దుల్హే భాయ్‌ది. మూడిట్ల ఒకటే మాట: లింఫోమా. కానీ ఖాలాకు కడుపుల, మామూకు నలుగుర్ల చెప్పుకోలేని చోట, దుల్హే భాయ్‌కి మెదడుల. మూడో రిపోర్టు వచ్చిన రోజు మా అమ్మీ అడిగింది: "ఒకటే బీమారీ ముగ్గురికి మూడు చోట్ల ఎట్ల వస్తది రా? మన ఖూన్లనే ఏమన్న ఉన్నదా?"

సవాల్ మంచిదే. ఖూన్ సంగతి తొందరగనే తేలిపోయింది. ఖాలా అమ్మీకి సొంత చెల్లె కాదు, చాచా బిడ్డ. మామూ మా అబ్బాకు దోస్త్, పిలుపే తప్ప చుట్టరికం లేదు. దుల్హే భాయ్ నిఖాతోటి మా ఇంటికి వచ్చిన మనిషి. ఈ బీమారీ అంటుకునేది కాదు, ఎంగిలి గిలాస్‌ల తాగితే రాదు, మామూలుగ తల్లి నుంచి బిడ్డకు దిగేది గూడ కాదు. మరి మూడు చోట్ల ఎట్ల అన్నదానికి జవాబు కోసం డాక్టర్లను అడుక్కుంట, చదువుకుంట పోయిన. సమజైన కాడికి ఇక్కడ రాస్తున్న. ఎందుకంటే ఈ ముగ్గురి నసీబ్‌ను నడిపించింది బీమారీ ఒక్కటే కాదు. దానికి పేరు ఎప్పుడు తెలిసింది, ఎట్ల తెలిసింది అన్నది గూడ.

ఉర్దూల సర్తాన్ అంటం. సర్తాన్ అంటే అరబ్బీల ఎండ్రకాయ అని బడిల సైన్సు ఉస్తాద్ చెప్పిండు. డిగ్రీకి వచ్చినంక కర్కటం అన్నా అదే ఎండ్రకాయ అని తెలిసింది. మన పల్లెల్ల రాచపుండు అంటరు. పట్టుకుంటే ఇడ్వని ఎండ్రకాయ, మానని పుండు. క్యాన్సర్ అంటే మన దిమాగ్‌ల ఈ రెండు బొమ్మలే ఉన్నయ్. లింఫోమా ఈ రెండిట్ల దేంట్లనూ సరిగ్గ ఇమడదు. పుండు లేకుండ, చాలాసార్లు నొప్పి గూడ లేకుండ వస్తది. అందుకే మనం దాన్ని గుర్తు పట్టం.

మన ఒంట్ల తెల్ల రక్తకణాలల్ల లింఫోసైట్లు అని ఒక జాతి. బయటి నుంచి వచ్చే పురుగుల మీద పహ్రా కాసేది ఇవే. మెడల, చంకలల్ల, గజ్జలల్ల, పొట్ట లోపల వీటికి ఠాణాలుంటయ్. బడి పుస్తకాలల్ల శోషరస గ్రంథులు అని రాస్తరు. మా దాదీ గిల్టియా అనేది. కాలికి ముల్లు గుచ్చుకొని చీము పడితే గజ్జల్ల బిళ్ళ కడ్తది సూడు, ఆ బిళ్ళ ఈ ఠాణానే. పహ్రేదార్లల్ల ఒకడు బద్‌మాష్ అయి, లెక్కాపత్రం లేకుండ తనలాంటోళ్లనే పుట్టించుకుంట పోతే అది లింఫోమా. 1832ల లండన్ల థామస్ హాడ్జ్‌కిన్ అనే డాక్టర్ గిల్టీలు వాచిపోయి చనిపోయినోళ్ల గురించి రాసిండు. ఒక రకానికి ఆయన పేరే పెట్టిన్రు. మిగతావన్ని నాన్ హాడ్జ్‌కిన్. ఇప్పటి లెక్కల అన్ని కలిపి అరవైకి పైగ రకాలు.

అయితే పోలీసులు ఠాణాలనే కూసుంటరా? గల్లీ గల్లీ తిరుగుతరు. లింఫోసైట్లు గూడ అంతే. పేగులల్ల, తోలుల, గొంతుల, కంటి ఎన్క, ఎముక లోపలి మూలుగల, అన్ని చోట్ల తిరుగుతుంటయ్. బద్‌మాష్ అయ్యేటోడు ఏ గల్లీలనైన కావొచ్చు. నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమాలల్ల సుమారు మూడో వంతు గిల్టీల బయటనే మొదలైతయ్. వాటిల ఎక్కువగ వచ్చే చోటు కడుపు. అంటే మెడల గడ్డ లేదు కాబట్టి లింఫోమా కాదు అనుకునుడు తప్పు. అమ్మీ సవాల్‌కు జవాబు ఇదే. ఇంకో మాట గూడ చెప్పాలె. చోటు మారితే పేరు మారుతది, కారణం మారుతది, దవా మారుతది.

ఖాలాకు యాభై ఎనిమిదేండ్లు. రెండేండ్లు ఛాతిల మంట, కడుపు ఉబ్బరం. మెడికల్ షాపుల గ్యాస్ గోలీ తెచ్చుకునుడు, వేసుకునుడు. సాలన్‌ల కారం తగ్గించింది, ఖట్టా మానేసింది, చాయ్ గూడ బంద్ పెట్టింది. మనిషి చిక్కిపోతుంటే ఖాలూ హైదరాబాద్ తీస్కపోయిండు. నోట్లకెల్లి పైపు వేసి చూసి, కడుపు గోడ నుంచి నాలుగైదు చిన్న ముక్కలు తీసిన్రు. రిపోర్టుల మాల్ట్ లింఫోమా అని, కింద హెలికోబాక్టర్ పైలోరీ అనే పురుగు ఉన్నదని రాసుంది.

ఇంట్ల మాతం. ఖాలూ సూర్యాపేట రోడ్డు మీదున్న ప్లాటు అమ్ముతనని గిరాకీ చూడవట్టిండు. డాక్టరేమో పద్నాల్గు రోజులకు గోలీలు రాసిచ్చిండు. రెండు రకాల యాంటీబయాటిక్, ఒక ఎసిడిటీ గోలీ. గంతే. ఖాలా కొడుకు నాకు ఫోన్ల మండిపడ్డడు: "భాయ్, క్యాన్సర్‌కు పద్నాల్గు రోజుల గోలీలా? ఈయనకు తెల్వదు, ఇంకో దవఖానాకు పోదాం."

డాక్టర్‌కు తెలిసే రాసిండు. కడుపు గోడల మామూలుగ లింఫోసైట్ల ఠాణా ఉండదు. ఈ పురుగు ఏండ్ల తరబడి అక్కడ కాపురం పెడితే, దాని మీద పోరాడనీకి లింఫోసైట్లు వచ్చి టెంట్లు వేసుకుంటయ్. ఏండ్లు గడిచినంక ఆ టెంట్లల్ల ఒకడు దారి తప్పుతడు. అయితే మొదట్ల ఆ దారి తప్పినోడు గూడ పురుగు ఉన్నన్ని రోజులే పెరుగుతడు. పురుగును చంపితే వాని రోటీ బంద్ అయితది. మాల్ట్ లింఫోమా అనే రకం ఉన్నదని 1983ల ఇంగ్లండ్ల ఐజాక్సన్, రైట్ అనే ఇద్దరు డాక్టర్లు చెప్పిన్రు. పురుగును చంపితే గడ్డ కరుగుతదని 1993ల అక్కడి డాక్టర్లే చూపించిన్రు. ఆ పురుగును పట్టింది ఆస్ట్రేలియా డాక్టర్లు రాబిన్ వారెన్, బారీ మార్షల్. ఎవ్వరు నమ్మకపోతే మార్షల్ 1984ల ఆ పురుగులున్న నీళ్లు తనే తాగి, కడుపు పాడు చేసుకొని మరీ చూపించిండు. 2005ల ఇద్దరికి నోబెల్ ఇచ్చిన్రు.

బీమారీ కడుపు దాటకుండ, పురుగు ఉన్నోళ్లల్ల పదిమందికి ఏడెనిమిది మందికి ఆ గోలీలతోనే తగ్గుతది. తగ్గనోళ్లకు కొంచెం రేడియేషన్ ఇస్తరు. ఖాలాకు తగ్గింది. వెంటనే కాదు, నెలలు పట్టింది. ఇప్పటికీ చెప్పిన తారీఖుకు పోయి పైపు వేయించుకొని వస్తది. ప్లాటు అట్లనే ఉన్నది. ఈ పురుగు మన దేశంల సగానికి పైగ మందికి ఉంటది, వాళ్లల్ల లింఫోమా వచ్చేది చానా కొద్దిమందికే. గ్యాస్ అన్నోళ్లందరు భయపడాల్సిన పని లేదు. కానీ గోలీ వేసుకున్నా నెలల తరబడి మంట పోకపోతే, మనిషి చిక్కిపోతే, నల్లగ విరేచనమైతే పైపు పరీక్ష చేయించుకోవాలె.

మానుకోట మామూ ముచ్చట వేరు. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉంటది గాని, మామూ నోట్ల ఎన్నడూ మానుకోటనే. మిర్చి మార్కెట్ల దడ్వాయి పని. బస్తా చూసి తూకం చెప్పేసేటోడు. అరవై ఆరేండ్ల వయసుల ఒక దిక్కు అండం వాచుడు మొదలైంది. నొప్పి లేదు, జ్వరం లేదు. బరువు మాత్రం పెరుగుతున్నది. ఎనిమిది నెలలు ఎవ్వరికి చెప్పలే. ముమానీకి గూడ చెప్పలే. వరిబీజమే అనుకున్నడు. మన దిక్కు బోదకాలు, వరిబీజం కొత్త కాదు గదా. ఆఖరికి ఒక ఆరెంపీకి చూపిస్తే ఆయన నీరు తీస్తనని సూది గుచ్చిండు. నీరు రాలే.

యాభై, అరవై దాటిన మగోళ్లకు అండంల గడ్డ వస్తే అది లింఫోమా కావొచ్చని డాక్టర్లు ముందుగాలనే అనుమానపడతరు. అరవై దాటినోళ్లల్ల ఆ చోట వచ్చే క్యాన్సర్లల్ల ఎక్కువగ ఇదే. దానికి సూది గుచ్చొద్దు. గజ్జ దగ్గర కోసి, మొత్తం తీసి పరీక్షకు పంపాలె. ఇంకో సంగతి ఉన్నది. మెదడుకు, అండాలకు, కంటి లోపలికి రక్తంల ఏది పడితే అది పోకుండ ఒక పరదా ఉంటది. ఆ పరదా మంచికే ఉన్నది, కానీ కీమో దవాను గూడ సరిగ్గ లోపలికి పోనియ్యది. బద్‌మాష్ ఆ పరదా ఎన్క దాక్కుంటడు. అందుకే అండంల లింఫోమా వచ్చినోళ్లకు ఆపరేషన్, కీమో అయినంక గూడ రెండో దిక్కుకు రేడియేషన్ ఇస్తరు, మెదడుకు పోకుండ వెన్నుల సూది దవా ఇస్తరు.

మామూకు ఆపరేషన్ అయింది, ఆరు కీమోలు అయినయ్. రేడియేషన్ దగ్గర ఆగిపోయిండు. "అంతమంది ముంగట నన్ను పండబెట్టొద్దు బేటా" అన్నడు. మంచిగయిన మనిషిని ఇంకేం బలవంతం చేద్దుమని ఇంట్లోళ్లు గూడ ఊకున్నరు. ఏడాదిన్నరకు మాట తడబడవట్టింది. మెదడుకు పోయింది. ఆ రంజాన్ చూడలే.

అల్లా మర్జీ అన్నరు జనాజాకు వచ్చినోళ్లు. ఆయన మర్జీ లేకుండ ఆకు గూడ కదలదు, ఒప్పుకుంట. కానీ ఆ ఎనిమిది నెలలు షరం మర్జీ. మన ఇండ్లల్ల ఆడోళ్ల షరం గురించి మాట్లాడుతం. మగోళ్ల షరం గురించి ఎవరు మాట్లాడరు. పేషాబ్‌ల ఖూన్ వచ్చినా, లుంగీ కింద గడ్డ పెరుగుతున్నా చెప్పని మగోళ్లు మన మసీదు సఫ్‌లల్ల ఎంతమంది నిలబడుతున్నరో.

మానుకోట, జనగామ రెండూ ఒకటే రైలు లైను మీదున్నయ్. పొద్దుగాల ఎక్కితే మధ్యాహ్నానికి హైదరాబాద్‌ల పడొచ్చు. భూపాలపల్లికి రైలు లేదు. పరకాల మీదికెల్లి వరంగల్‌కు బస్సు, అక్కడి నుంచి ముందుకు. దుల్హే భాయ్‌ది అక్కడ సింగరేణి భూగర్భ గనిల పని. యాభై రెండేండ్ల మనిషి షిఫ్టు టైము మర్చిపోవుడు మొదలుపెట్టిండు. ఎడమ చేత్తోటి గుండీ పెట్టుకోలేకపోతున్నడు. గంటలు గంటలు మాట లేకుండ కూసుంటున్నడు. మొహల్లాల అసర్ అన్నరు, సాయా అన్నరు. తావీజ్ కట్టిన్రు. పదిహేను రోజులు అట్లనే పోయినయ్.

స్కానింగ్‌ల మెదడుల గడ్డ కనపడ్డది. ఒక దవఖానాల టీబీ గడ్డ అయి ఉండొచ్చని టీబీ గోలీలు, వాపు తగ్గనీకి స్టెరాయిడ్ మొదలుపెట్టిన్రు. పది రోజులకు దుల్హే భాయ్ లేచి కూసున్నడు, ఆపాతోటి నవ్వుకుంట మాట్లాడిండు. మళ్లా స్కానింగ్ తీస్తే గడ్డ దాదాపు మాయం. ఇంట్ల ఫాతెహా ఇచ్చి మొహల్లా అంతా మిఠాయి పంచిన్రు. రెండు నెలలకు మళ్లా పడిపోయిండు.

ఇంకో దవఖానాల డాక్టర్ కాయితాలన్ని చూసి ఒకటే అడిగిండు: "స్టెరాయిడ్ ముందు ఇచ్చిన్రా, ముక్క ముందు తీసిన్రా?" స్టెరాయిడ్ లింఫోసైట్లను చంపుతది. లింఫోమా గడ్డ దాంతోటి కొన్ని రోజులు కరిగినట్టే అయితది. నయం కాదు, దాక్కునుడు. ఆ టైంల ముక్క తీస్తే దాంట్ల ఏమీ దొరకదు, పేరు తేలదు. మెదడు వాపు పాణం మీదికి వచ్చినప్పుడు స్టెరాయిడ్ ఇయ్యక తప్పదు, అది డాక్టర్లకు తెలుసు. అట్ల కాకుంటే ముక్క తీసినంకనే ఇయ్యాలె. దుల్హే భాయ్‌కి స్టెరాయిడ్ మెల్లగ ఆపి, కొన్ని వారాలు ఆగి, పుర్రెకు చిన్న బెజ్జం పెట్టి సూదితోటి ముక్క తీసిన్రు. అప్పుడు తేలింది లింఫోమా అని. ఇప్పుడు దవా నడుస్తున్నది. గుండీలు తనే పెట్టుకుంటున్నడు.

దుల్హే భాయ్‌కి పెద్ద మోతాదుల ఎక్కిస్తున్న దవా పేరు మెథోట్రెక్సేట్. మెదడు పరదా దాటి లోపలికి పోగలిగే కొద్ది దవాలల్ల అదొకటి. దాన్ని తయారుచేసింది అమెరికాల లెడర్లే లాబ్‌ల యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన బృందం. ఆయన 1895ల భీమవరంల పుట్టిన తెలుగాయన. ఆ దవాకు అక్క అసోంటి అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు ఇచ్చి 1948ల ఫలితం చూపించిండు. అదే ఏడు సుబ్బారావు చనిపోయిండు. ఆపాకు ఈ ముచ్చట చెప్తే "ఆయనకు మగ్‌ఫిరత్ దువా చేస్త" అన్నది.

మామూకు ఎక్కించిన దవాలల్ల విన్‌క్రిస్టీన్ ఒకటి. అది సదాబహార్ మొక్క నుంచి వస్తది. తెలుగుల బిళ్ళగన్నేరు. మన కబ్రస్తాన్లల్ల గోరీల నడుమ గులాబీ రంగుల పూసేది అదే. అట్లని ఆకు నమలొద్దు, విషం. టన్నుల కొద్ది ఎండుటాకుల నుంచి గ్రాముల లెక్కన దవా తీస్తరు. ఇంకోటి ఎర్ర దవా, డాక్సోరుబిసిన్. ఎక్కించిన రోజు పేషాబ్ ఎర్రగ వస్తే మామూ ఖూన్ అని భయపడ్డడు, అది దవా రంగే. వీటికి తోడు రిటుక్సిమాబ్. బద్‌మాష్ కణం మీదుండే నిశానీని పట్టుకొని దాడి చేసే దవా. అమెరికాల 1997ల వచ్చింది. 2007ల మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ కంపెనీ దాని లాంటిదే తక్కువ ధరకు తెచ్చింది. అండంలనో, కడుపులనో, గిల్టీలనో తొందరగ పెరిగే రకం లింఫోమాకు ఇవన్ని కలిపి ఇస్తే సగం మంది కంటే ఎక్కువకు పూర్తిగ నయమైతది. లింఫోమా అంటే కఫన్ కొనుడు కాదు.

మా ఇంట్ల చూసిన మూడు చోట్లు కాక ఇంకా ఉన్నయ్. కంటి లోపలి రెప్ప కింద గులాబీ రంగు కండ లెక్క నొప్పి లేకుండ పెరిగేది. తోలు మీద ఏండ్ల తరబడి గజ్జి మందులకు తగ్గని మచ్చలుగ ఉండేది. థైరాయిడ్ వాపు పాతగ ఉన్న పెద్ద ఆడోళ్లకు గొంతు వారాలల్లనే ఉబ్బేది. పెద్దోళ్లకు ఒక దిక్కు టాన్సిల్ మాత్రమే పెరిగేది. ముక్కుల దిబ్బడ, నల్ల పొక్కు, లోపలంతా కరిగిపోయేది. పిల్లల దవడల రోజుల్లనే పెరిగేది గూడ ఒకటుంది, 1958ల ఉగాండల బర్కిట్ అనే సర్జన్ దాని గురించి రాసిండు. తొందరగ దవా మొదలుపెడితే పిల్లలల్ల ఎక్కువమంది బతుకుతరు.

ఇగ టీబీ సంగతి. మన దేశంల మెడల గడ్డ వస్తే అది టీబీ అయ్యేదే ఎక్కువ, డాక్టర్లు అట్ల అనుకునుడు తప్పు కాదు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గుడు, ఈ మూడూ రెండు బీమారీలకు ఉంటయ్. అందుకే ముక్క పరీక్ష లేకుండ ఆరు నెలల గోలీలు మొదలుపెడితే అడగాలె. మొదలుపెట్టినంక నెలా రెండు నెలలకు గడ్డ తగ్గకపోతే ఇంకా గట్టిగ అడగాలె. సన్న సూది పరీక్ష ఒక్కటే చాలాసార్లు సరిపోదు, గడ్డనో, దాంట్ల ముక్కనో తీయాలె. దాని రకం తేల్చేటందుకు రంగుల పరీక్ష ఇంకోటి ఉంటది, ఇమ్యూనోహిస్టోకెమిస్ట్రీ అంటరు. అది అయిందా అని అడగండి. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతదని మన దిక్కు అందరు అంటరు. లింఫోమాల ముక్క తీసినందుకు బీమారీ పాకదు. ముక్క తియ్యక ఆగినందుకు పాకుతది.

మానుకోటకు 2022ల, జనగామకు, భూపాలపల్లికి 2023ల సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయ్. వరంగల్‌ల ఎంజీఎం ఉన్నది. హైదరాబాద్‌ల రెడ్‌హిల్స్‌ల మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద 1955 నుంచి సర్కారు క్యాన్సర్ దవఖానా నడుస్తున్నది, మనోళ్లు ఎంఎన్‌జే అంటరు. నిమ్స్ ఉన్నది. ఆరోగ్యశ్రీ హద్దు 2023 డిసెంబర్ నుంచి పది లక్షలు. ముక్క తీసిన కాయితం, దాని స్లైడ్లు, మైనం దిమ్మలు ఎక్కడికి పోయినా వెంట తీస్కపోండి. పారెయ్యొద్దు. అవి ఉంటే రెండో డాక్టర్ మళ్లా మొదటి నుంచి మొదలుపెట్టే పని ఉండదు. కీమో నడుస్తున్నప్పుడు రంజాన్ వస్తే రోజా కోసం దవా ఆపొద్దు. బీమార్‌కు ఇజాజత్ ఉన్నది, మీ మౌల్వీ సాబ్‌ను అడగండి.

తావీజ్ కట్టేటోళ్లతోటి నాకు లడాయి లేదు. దువా చేద్దాం, సద్ఖా ఇద్దాం, దాంతోటి పాటే అదే రోజు బస్సు గూడ ఎక్కుదాం. ఇది చదివినోళ్లు ఇంట్ల పెద్ద మగోళ్లకు మామూ ముచ్చట చదివి వినిపియ్యండి. చెప్పనీకి బిడ్డలకు షరం అయితే కొడుకులు చెప్పండి, కొడుకులకు షరం అయితే ఈ రాసిందే ఫోన్ల పంపండి. ముమానీని అడిగే రాసిన. "పేరు రాయకు, ముచ్చట మాత్రం అంతా రాయి" అన్నది.